ఏడో తరగతి, నాలుగో పీరియడ్

పెచ్చులూడిన చోట గోడ మీద
సముద్రం సరిగ్గా పడలేదు.
ప్రొజెక్టర్ కింద సోషల్ పుస్తకం ఎత్తు పెట్టాను,
ఇవాళ దానికి అదే పని.

పాత విశాఖ రేవు. నలుపూ తెలుపూ.
"ఏం కనిపిస్తోంది?"
ఓడ సార్, ఓడ, ఓడ.
ఓడ పేరు కిందనే ఉంది,
పక్కన దొర పేరూ.

చివరి బెంచీలో నూకరత్నం లేచింది,
జాలరిపేట పిల్ల, జడ ఇంకా ఆరలేదు.
"ఆ మూల తట్టెత్తుకున్నామె ఎవులు సార్?
పెద్దది సెయ్యండి."

చేశాను.
"ఇంకాస్త."
ముఖం కాస్తా బూడిదరంగు గళ్ళయింది.

తనే వచ్చి వెలుగుకి అడ్డంగా నిలబడింది.
గళ్ళన్నీ గోడ దిగి
యూనిఫాం మీదికొచ్చాయి.
"పేరేటి సార్?"

బెల్లు మోగింది. ఎవరూ లేవలేదు.

హాజరు పట్టీ తెరిచి
ఆఖరి పేరు కింద
ఖాళీగా ఒక గీత గీశాను.