కొండలో నా వాటా

ఇరవై తొమ్మిదేళ్ళు ట్రాము నడిపాను లిస్బన్‌లో.
ఇత్తడి పిడి, తొమ్మిది గాట్లు.
ఏ గాటుకి చక్రం ఎంత ఉరుకుతుందో
నా మణికట్టుకి తెలుసు, తలకి తెలియక్కర్లేదు.
కరెంటు అప్పట్లో నా కింద పనిచేసేది.

ఇప్పుడు పక్కన పనిచేస్తానంటోంది.

నేలియా వచ్చింది, వీపున సంచీ, పళ్ళ మధ్య స్క్రూ.
పాత కుర్చీకే కొత్త చక్రాలు బిగించింది.
ఇరుసు దగ్గర గిన్నె మూతంత మోటారు.
"మీరు తోస్తేనే ఇది తోస్తుంది, ఫిర్మీనో గారూ.
మీరు ఊరుకుంటే ఇదీ ఊరుకుంటుంది."
మా ఆవిడకి పూర్తిగా వ్యతిరేకం అన్నమాట, అన్నాను.
వంటింట్లో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

మొదటి తోపుకే బండి ఎడమకి తిరిగి
గోడ మీది నీలి పలకల్లో నిలుచున్న సెయింటు గారి
పాదాల మీద పడింది.
చక్రాన్ని అని లాభం లేదు.
పక్షవాతం వచ్చిన రాత్రి నుంచీ
నా కుడి చెయ్యి మాట్లాడుతుంది, ఎడమది గొణుగుతుంది.

నేలియా ఫోను తీసి చక్రాలకేదో నచ్చజెప్పింది:
కుడి వైపు దాన్ని కాస్త చెవుడు నటించమని,
ఎడమ వైపు దాన్ని
గొణుగుడుని కేకలా వినమని.

ఈ రెండేళ్ళలో నా ఎడమ చెయ్యి చెప్పేది
ఇంత చెవి ఒగ్గి విన్నవాళ్ళు లేరు.

"సాయం ఎంత పెట్టమంటారు? ఒకటి నుంచి అయిదు."
అయిదు పెడితే గ్రాసా కొండ బల్లపరుపేనట.
వద్దు.
వానలో దాని మూడో మలుపు దగ్గర
పట్టాల మీద ఇసక రాల్చుకుంటూ ఎక్కినవాణ్ణి.
కొండని కొంచెం నాకు వదిలెయ్యి తల్లీ.

మూడు పెట్టింది. మర్నాడు బయల్దేరాను.

తెల్లరాళ్ళ బాట, జోళ్ళు అరగదీసి అరగదీసి
సబ్బుబిళ్ళల్లా చేసిన రాళ్ళు.
సందుల్లో చిన్నచక్రం ఇరుక్కున్న చోట
ఎవరో పెద్దమనిషి, అడగనన్నా అడక్కుండా
వెనక పిడులు పట్టుకుని నన్ను తోసేశాడు.
నా వేళ్ళు రిమ్ము మీద ఉన్నాయని చూసుకోలేదు.
పుణ్యం చేతికందేదాకా వదిలేలా లేడు.
మోటారు నయం. దానికి మర్యాద తెలుసు.
చెయ్యి పడేదాకా గుమ్మం బయటే నిలబడుతుంది.

తోస్తాను. కింద చిన్న రొద.
తోస్తాను. మళ్ళీ రొద.
ఉడత సాయం అంటారు కదా,
సగం కొండ ఎక్కాక కూడా తేలలేదు
మా ఇద్దరిలో ఉడత ఎవరో.

మూడో మలుపులో ట్రాము నన్ను దాటింది.
నడిపే పిల్ల ఎవరో కొత్తది,
గాటు ఒకటి ఎక్కువే వేసింది అక్కడ,
చప్పుడు బట్టి తెలిసింది. అరిచి చెబుదామనుకున్నాను.
ఊపిరి ఎక్కడిది?
చొక్కా వీపుకి అతుక్కుపోయింది.
బ్యాటరీకి చెమట పట్టదు.
ఇదంతా నాదే.

ఇంటికొచ్చి సబ్బు పెట్టి చేతులు కడుగుతుంటే
ఎడమ అరచేతిలో చురుక్కుమంది.
దీపం కింద చూసుకున్నాను.
బొబ్బ. శనగగింజంత, నీళ్ళతో నిగనిగలాడుతూ.
రెండేళ్ళుగా చెంచా కూడా మొయ్యని చేతికి.

ఎర్మెలిందా సూది వెతుకుతోంది.
దాన్ని ముట్టుకోకు, అన్నాను.
ఉండనీ ఈ పూటకి.