తెల్లకాగితం రసీదు

ఎన్నికల ప్రకటన వచ్చిన నాలుగో రోజుకి
మందస స్టేషన్ వెనక గదిలో
పదకొండు తుపాకులు గోడకి జారబడ్డాయి.
లైసెన్సు నెంబరు, తూటాల లెక్క, తెచ్చినవాడి సంతకం.
నేను స్టేషన్ రైటర్ని. రాయడమే నా పని.

జీడిబట్టీల సావుకారు తన జోడుగొట్టాల తుపాకీని
కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చాడు
జ్వరమొచ్చిన పిల్లాడిలా.
"నూనె రాస్తుండండి, తుప్పు పట్టనివ్వకండి" అని
రసీదు రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టాడు.
ఇన్నేళ్ళలో అది పేలింది రెండుసార్లే:
అల్లుడి ఊరేగింపులో ఒకసారి,
కోతుల మీద ఒకసారి.
అది నడవాలో మేకుకి వేలాడుతుండగా
దాని కింద బల్ల మీద ఎన్ని వేలిముద్రలు పడ్డాయో
రాసేందుకు రిజిస్టర్లో గడి లేదు.

ఆ సాయంత్రమే
లెంబగూడ నుంచి సవర ఎండయ్య దిగొచ్చాడు.
పాత చీరలో చుట్టిన నాటు తుపాకీ,
ఎడమ భుజం మీద ఎలుగు గీసిన నాలుగు గాట్లు.
"నాక్కూడా కాయితం రాసియ్యి బాబూ."

లైసెన్సు లేనిదానికి రసీదు ఉండదయ్యా, కేసే ఉంటుంది అన్నాను.
అతను కింద కూచున్నాడు.

"రేత్రి ఎలగ్గొడ్డు కోసం మందు కూరినాను.
అది రానేదు.
తెల్లారగట్ల సూస్తే
తుపాకీ మూతి కొండ దిగువకి తిరిగుంది,
సావుకారి డాబా కాసి.
నాను తిప్పనేదు బాబూ. అదే తిరిగిపోనాది.
ఓట్లయ్యీదాక ఆలవి దాత్తన్నారు కదా,
నా కోపం దిగీదాక నాది దాయండి."

ఇరవైరెండేళ్ళుగా హత్యలు రాస్తున్నాను.
ఆయుధం గడిలో: గునపం. కత్తిపీట.
జీడికొమ్మలు నరికే కత్తి.
ఒకసారి పెట్రోలు సీసా, ఒకసారి వట్టి చేతులు.
తుపాకీ అని ఒక్కసారీ రాయలేదు.
లేదు గనక రాయలేదో, ఉంటే ఎన్ని రాసేవాణ్ణో,
అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.
కారణం గడిలో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట:
పాతకక్షలు.

ఎంత పెద్ద గోనెసంచి ఆ మాట!
ఎందుకో తెలియకుండా మూత్రపిండాలు పోయిన అన్నని
వారానికి రెండుసార్లు పలాస మోసిన తమ్ముడి అప్పు అందులో పడుతుంది.
ఎనభై కేజీల పిక్కల్ని డెబ్బైగా చూపిన కాటా పడుతుంది.
పట్టా రాని పోడు, జరిగిన గట్టు,
సారా కొట్టు ముందు అందరూ నవ్విన ఆ ఒక్క క్షణం,
అన్నీ పడతాయి. మూతి కట్టి
పైన సంతకం పెడతాం.

ఎస్సై వచ్చి చూసి
"పట్టుబడినట్టు రాయి" అన్నాడు.
తనంతట తానే నడిచొచ్చినవాణ్ణి
పట్టుబడ్డాడని రాశాను.
చేతిరాత మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.
అతను వెళ్ళేటప్పుడు ఎవరూ చూడకుండా
ఓ తెల్లకాగితం చింపి రాసిచ్చాను:
ఒక ఇనప గొట్టం, ఒక కర్ర. భద్రం.
చట్టంలో చెల్లదది. మడిచి
మొలతాడు తాయెత్తు పక్కన దోపుకున్నాడు.

లెక్కింపు నాడు టపాకాయలు కాలాయి.
పదకొండూ వాటి వాటి ఇళ్ళకి పోయాయి.
పన్నెండోది తీగ కట్టిన అట్టముక్కతో అక్కడే ఉంది.

ఇప్పుడు ఎండయ్య వాయిదాకి సోంపేట పోతూ
మధ్యలో బస్సు దిగుతాడు.
కుళాయి దగ్గర నీళ్ళు తాగి గుమ్మంలో నిలబడి
"ఉందా?" అంటాడు.
"ఉంది."
ఎలుగులొస్తున్నాయని, డబ్బా వాయిస్తున్నానని చెబుతాడు.
మొన్న మాత్రం ఖాళీ గోడకేసి చాలాసేపు చూశాడు.

"సావుకారిది ఇచ్చీసినారేటి?"
"ఇచ్చేశాం."
"అయితే
ఆయన కోపం దిగిపోనాదేటి బాబూ?"

నా చేతిలో స్కేలుంది.
కొత్త పేజీకి గడులు గీస్తున్నాను.