జమ

ఎన్నికల కోడ్ వచ్చిందంటే చాలు,
పొదిలి స్టేషన్లో నా బల్ల మీద తుపాకులు పండుతాయి.
రైటర్ని గదా,
చీటీ రాసి పురికొసతో కట్టేది నేనే.
పేరు, ఊరు, లైసెన్సు నంబరు, ఎన్ని తూటాలు.
ఎట్లా పట్టుకొచ్చాడన్నది రాయడానికి
రిజిస్టర్లో గడి లేదు.

కొనకనమిట్ల మోతుబరి తుపాకీ కారులో వచ్చింది.
మోతుబరి రాలేదు.
డ్రైవరు పట్టుకండువాలో చుట్టి
పెళ్లికూతుర్ని దించినట్టు దించాడు.
ముప్పయ్యేళ్లుగా పేల్లేదంట.
"పేలాల్సిన పనేముంది సార్,
హాల్లో గోడకుంటే చాలు.
వచ్చినోళ్లు చెప్పులు బయటే వదుల్తారు."

మర్రిపూడి వీరనారాయణ
సైకిల్ రాడ్డుకు ట్యూబుతో కట్టుకొచ్చాడు.
బోరు కింద ఎకరంన్నర వేరుశనగ.
"ముందు అడివిపందులకు చెప్పి రండి సార్ మీ కోడ్ సంగతి" అంటూనే
రసీదు మడిచి బీడీకట్టలో దోపుకున్నాడు.
గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చాడు.
"పండబెట్టొద్దు. నూనె గుర్రానికి దిగుద్ది."

దూదేకుల కాశింపీరా అప్పగించక్కర్లేదు.
బ్యాంకు గార్డు, మినహాయింపు కాగితం ఉంది.
సంతకం పెట్టేసి కూడా కదల్లేదు.
గోడకానించిన పదకొండింటినీ చూస్తా కూర్చున్నాడు,
రైలు తప్పిపోయిన స్టేషన్లో కూర్చున్నట్టు.

"కొండ నెత్తిన ఒక ఇల్లుండేది సార్,
మా పోస్టుకు కూతవేటు.
మన దేశానికీ బర్మాకీ నడిమి గీత
ఆ ఇంటి దూలం కింద పోద్ది.
పొయ్యి మనది, పడక వాళ్లది.
పొయ్యి పైన తడకలో
ఎండుమాంసం, మిరపకాయలు,
పొగకు నల్లబడ్డ రెండు నాటు తుపాకులు.
అన్నదొకటి, తమ్ముడిదొకటి.
ఒకటే కమ్మరి, ఒకటే ఇనుము.

అన్న మన లెక్కలో మనిషి.
మా బూటు చప్పుడింటే
వెదురుగొట్టంలోంచి కాగితం తీసేవోడు,
ఆ తర్వాతే మా మొహం చూసేవోడు.
తుపాకీని ఒక్కనాడూ నాదనలేదు.
లైసెన్సుది అనేవోడు.

తమ్ముడు గీతకవతల.
కాగితమేదిరా అంటే నవ్వేవోడు.
'మీ ఊళ్లో కొడవలికి కాగితం ఉంటదా?'
కూతురు పుట్టినప్పుడల్లా కొయ్య మీద ఒక గాటు.
నాలుగు గాట్లుండేవి నేనొచ్చేసేనాటికి.

ఊళ్లో ముసలోళ్లెవరన్నా పోతే
ఇద్దరూ వాకిట్లో నిలబడి ఆకాశంలోకి పేల్చేవోళ్లు.
ఏ చప్పుడు ఏ దేశానిదో
డ్యూటీలో ఉన్న నాకే తెలిసేది కాదు."

మరి నీది? అన్నాను.

"నాదెక్కడుంది సార్, సర్కారుది.
నంబరు తప్ప దాని ఊరూ పేరూ తెలవదు.
సెలవుకు అప్పగించి రైలెక్కితే
కుడిభుజం బరువు లేక పైకి లేచినట్టుండేది,
గిద్దలూరులో దిగిందాకా."

ఇద్దరిలో ఎవరి పద్ధతి మేలు కాశిం?
టీ గ్లాసు అడుగున చక్కెర చూస్తా చాలాసేపున్నాడు.

"తమ్ముడి గొట్టం పగిలి రెండు వేళ్లు పోయినయ్.
మరు నెలకే ఇంకొకటి చేయించుకున్నాడు.
అన్న కాగితం వానకు తడిసి సిరా కారిపోయింది.
తుపాకీ బాగానే ఉంది.
అన్నే మూడ్రోజులు అన్నం తిన్లా."

ఆ రాత్రి కరెంటు పోయినప్పుడు
టార్చి వేసి ఒక్కోటీ సరిచూశాను.
మోతుబరి గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టింది.
చీటీ మీద మాత్రం 'మంచి స్థితి'.
దస్తూరీ నాదే.
వీరనారాయణది ఎవరో పండబెట్టారు.
లేపి నిలబెట్టాను.

నాలుగో రోజు మళ్లీ వచ్చాడు వీరనారాయణ.
తుపాకీ అడగలేదు.
కాళ్లకు ఎర్రమట్టి, రెప్పల మీద నిద్ర.
"ఉల్లిపాయ టపాకాయలు కొనుక్కోవచ్చా సార్,
వాటికీ కాగితం కావాల్నా?"

రిజిస్టర్లో దానికీ గడి లేదు.
నీళ్లు తాగుతావా అన్నాను.