పదకొండు పేర్లు

మొఖోట్లాంగ్ జిల్లా విద్యాశాఖలో
నేను టైపిస్టుని.
ఆ పొద్దు మంచు పడుతోంది.
మామొఖేతి పెద్ద టీచరమ్మ గుర్రం దిగి
కంబళిలో చుట్టి తెచ్చిన హాజరుపట్టీ
బల్ల మీద పెట్టింది.

"పరీక్షల ముందే ఈ పదకొండు పేర్లు కొట్టేస్తే
మీ బడికి నూటికి నూరు"
అన్నాడు అధికారి, కలం ఆమెవైపు జరిపి.

ఆమె కలం ముట్టలేదు.
"గొర్రెల వెంట కొండెక్కారు, నిజమే.
పిల్లలే రాలేదు. పేర్లు వచ్చాయి."

ఒక్కొక్క పేరూ చదివింది.
చదివినప్పుడల్లా "రాలేదు" అని తనే అంది,
తప్పు తనదైనట్టు.

తొమ్మిదో పేరు దగ్గర
నా వేళ్లు ఆగిపోయాయి.
"అందులో ఒక అక్షరం తగ్గింది"
అన్నాను, తలెత్తకుండా.
మా అక్క కొడుకని చెప్పలేదు.

అప్పుడు తీసుకుందామె, ఆ కలం.
తగ్గిన అక్షరం రాసింది.