మధ్యాన్నం శాంపిలు

ముప్పయ్యేళ్లు బుచ్చిరెడ్డిపాళెం మిల్లుల్లో
బస్తాలకి గొట్టం గుచ్చినోణ్ణి నేను.
ఇనప మొన లోపలికి పోయి
గుప్పెడు వడ్లు తెచ్చేది అరచేతిలోకి.
పంటి కింద గింజ పటుక్కుమంటే
తేమ పద్నాలుగో పదిహేడో చెప్పేవోణ్ణి.
మిషన్ తర్వాతొచ్చింది.
వచ్చి, నా మాటకే తలూపింది.

ఇప్పుడు నేనే బస్తాని.
ఉంగరం వేలి పక్కన
చీమ కుట్టినట్టు గుచ్చితే
ఎర్రటి గింజొకటి లేస్తది.

దుమ్ము ఊపిరిలో గూడు కట్టిందని
పొగతోట డాక్టరు తెల్లమాత్రలు రాశాడు.
పొద్దున్నే, టిఫిన్ తిన్నాక, ఎనిమిది.
అబద్ధమెందుకు, అవే నన్ను బతికించినయ్.
వారానికి మెట్లెక్కినా.
నెలకి మొహం బూరె మాదిరి పొంగింది.
ఆకలి, అబ్బా, ఏం ఆకలి!
నడిరేయి లేచి సట్టి అడుగు గోకి గోకి తిన్నా.
ముంత మీద ముంత నీళ్లు.
తాగిన నీళ్లు తెల్లార్లూ నిద్ర లేపేవి.

పరగడుపున చూస్తే తొంభై ఎనిమిది.
"నీకు షుగరే లేదు పో పెద్దాయనా"
అన్నాడు ల్యాబు పిలగాడు.
ఆ సంబరంలో మూడు రోజులు మామిడిపళ్లు.

జులేఖా సిస్టరు గడప మీద కూచోని అడిగింది:
"పెంచలయ్యా, పైబస్తా ఒక్కటి చూసి
లారీ మొత్తానికీ ధర కడతావా?"
"యాడన్నా కడతారా? మోసమంతా అడుగు బస్తాలోనే."
"ఈ మాత్రల మోసం మధ్యాన్నం దాటినాకుంటది.
అన్నం తిన్న రెండు గంటలకి వేలు ఇయ్యి."

మూడొందల నలభై రెండు.
మిషన్ ముందు
మొదటిసారి నేను తలూపినా.

కామాక్షమ్మ మాత్రల డబ్బా పెరట్లోకి విసరబోయింది.
సిస్టరు చెయ్యి పట్టుకుంది:
"ఉన్నపళంగా ఆపితే మనిషే పడిపోతాడు.
లారీ మీంచి బస్తాని పలక మీద దించినట్టు
మెల్లంగా దించాల.
ఆ లెక్క డాక్టరుది. నీదీ కాదు, నాదీ కాదు."

పొద్దున పొట్ట మీద చిటికెడు చర్మం, ఒక సూది.
మధ్యాన్నం కనిగిరి కాలవ గట్టున నడక.
వెయ్యి బస్తాలు తూచినోడికి
మొలగొలుకుల అన్నం
గరిటెతో తూచి పెడతా ఉంది ఇంటిది.
రెండో గరిటె అడగను.
అడగనని ఆమెకి తెలుసు. అయినా
కుండ మీద మూత తియ్యదు.

పాత మిల్లు పుస్తకంలోనే రాస్తుండా.
తేమ, నూక, తాలు అని గీసిన గళ్లల్లో
మాత్ర, సూది, నెంబరు.
ఎనిమిది ఆరయింది, ఆరు నాలుగు.

నాలుగో నాడు సాయంత్రం
చొక్కా తడిసి, చేతులు వణికి, గోడ కదిలింది.
అరవై ఒకటి!
మాత్ర దిగింది గానీ సూది దిగలేదు,
ఆ మాట డాక్టర్ని అడగడం మరిచినాం.
నాకందకుండా అటక మీద దాచిన పంచదార డబ్బా
తనే దించి
మూడు చెంచాలు నీళ్లల్లో కలిపి తాపింది కామాక్షమ్మ.
తాపినంతసేపూ తిట్టింది.
ఆ తీపి ఇంకా నాలిక మీదుంది, తిట్లు కూడా.
పొగతోటకి ఫోన్ చేస్తే సూదీ దించారు.

ఇప్పుడు రెండు మాత్రలు.
మిల్లులోకి పోగూడదు నేను.
అందుకని షావుకారు కొడుకు
కొత్త పంట గుప్పెడు
జేబురుమాల్లో కట్టి తెచ్చాడు ఇంటికి.
పొడుచుకొని పొడుచుకొని మొద్దుబారిన వేళ్లకి
గింజ అంచు అందలేదు ముందు.
పంటికి అందింది.
పటుక్!
"పదహారు. రెండ్రోజులు ఎండబెట్టండి."

లోపల్నించి కామాక్షమ్మ కేక:
"రెండు గంటలయింది, వేలు ఇయ్యి."