గ్రాముల పుస్తకం

ముప్పై ఒక్క ఏళ్ళు లానెల్లి పోస్టాఫీసులో
పార్సిళ్ళు తూచిన చేతులివి.
కవరు అరచేతిలో పడితే చాలు
ఎంత స్టాంపు అంటించాలో నోటికొచ్చేసేది.
కాటా తర్వాత అవునని తలూపేది.

ఈ సంగతి టీవీలో రాత్రిపూట
ఉంగరాలమ్మే డారియన్‌కి తెలీదు.

గెథిన్ పోయిన చలికాలంలో అంటుకుంది ఈ అలవాటు.
నిద్ర రాదు. వాన మాత్రం వస్తుంది.
"వచ్చారా, మీకోసమే చూస్తున్నా" అంటాడతను.
ఆ రోజు మొత్తమ్మీద
నాతో ఎవరైనా అన్న మొదటి మాట అదే.
నల్ల మఖమల్ మీద కెంపు మెల్లగా తిరుగుతుంది,
గోరులో సగం లేని రాయి తెరమీద చేటంత.
ఎనిమిది వందల తొంభై తొమ్మిది పౌన్లు. ఎర్రగీత.
నాలుగు వందలు. ఎర్రగీత.
డెబ్బై తొమ్మిది!
ఆ మొదటి ధరకి కొన్న మనిషి
భూమ్మీద ఒక్కరైనా ఉన్నారా అని
అప్పట్లో నాకు తోచలేదు.

"గని మూసేశారు, ఇవే చివరివి" అంటాడు గొంతు తగ్గించి,
పక్కగదిలో ఎవరో పోయినట్టు.
నేను లెక్కపెట్టాను.
ఆ గని పన్నెండేళ్ళలో ఏడుసార్లు మూతపడింది.

నా దగ్గరొక ఎర్ర అట్ట పుస్తకముంది.
ఏది వచ్చినా ముందు తూచి, రాసి, ఆ తర్వాతే వేలికి.
మొదటి ఉంగరం: నాలుగు పాయింట్ ఒకటి.
రాయి కింద చిన్న కిటికీ, వెలుతురు ఇటు దూరి అటు పోయేది.
ఆరు కొక్కేలు, ఆరూ మొండివి.
మూడేళ్ళకి అదే పేరు, అదే బొమ్మ: రెండు తొమ్మిది.
తర్వాత ఒకటి ఎనిమిది. కొక్కేలు నాలుగు.
ఈ నెల వచ్చింది ఒకటి మూడు.
కడ్డీని లోపలివైపు తొలిచేశారు,
జున్నుగడ్డని ఎలక తొలిచినట్టు.
డబ్బా మాత్రం ఏటేటా బరువెక్కింది,
రిబ్బను, సంతకం, బంగారు అక్షరాల సర్టిఫికెట్.
పైన పటారం, లోన లొటారం.

సైజు చేయించడానికి ఎమ్రిస్ కొట్టుకి తీసుకెళ్ళాను.
మంట చూపించాడు, అంతే,
వేడి టీలో పడ్డ మంచుముక్కలా చిటచిటమంది.
కంటి అద్దం తీసి చాలాసేపు తుడిచి
"ఇందులో గాజు పోశారు గ్లెనిస్" అన్నాడు,
"రాయి ఎక్కడుందో వెతకాలి."
కూలి తీసుకోలేదు. అదే ఎక్కువ కుట్టింది.

ఆ రాత్రి ఫోన్ చేశాను.
కొన్నవాళ్ళని ప్రోగ్రాంలోకి కలుపుతారు, పొగడటానికి.
"గ్లెనిస్! వేలికి పెట్టుకుంటే ఎలా అనిపించిందో చెప్పండి!"
"ఒకటి పాయింట్ మూడు గ్రాములు" అన్నాను.
నవ్వాడు. "అంటే?"
"పాతది నాలుగు ఒకటి. తేడా ఎవరి జేబులోకి..."
సంగీతం వచ్చింది.
లైను బాలేదన్నాడు, వేల్స్‌లో వాన కాబోలన్నాడు.
తెరమీద: ఇక ఆరే మిగిలాయి. ఐదే.
అతని బొటనవేలి గోరు మొదలంటా కొరికేసి ఉంది.
ఇన్నేళ్ళూ రాయినే చూశాను,
పట్టుకున్న వేలిని చూడలేదు.

తెల్లారి వెనక్కి పంపడానికి వెళ్ళాను,
నేను కూర్చున్న కౌంటరుకే, ఇటువైపుకి.
కొత్తపిల్ల, కారిస్, డబ్బాని కాటామీద పెట్టబోయింది.
"నూట అరవై రెండు" అన్నాను.
నన్నూ కాటానీ మార్చి మార్చి చూసి
ఫారం ఇటు తోసింది.
లోపలున్న వస్తువు: ఉంగరం.
విలువ:

పెన్ను గొలుసుతో కట్టేసి ఉంది.
నా వెనక లైనులో ముగ్గురున్నారు.
ఒకాయన దగ్గాడు.