కొలత టేపు

కువోపియోలో మంచువాలు మీంచి
స్కీలతో గాల్లోకి దూకే పిల్లలకి సూట్లు కుట్టేది నేనే.
గుడ్డ ఒంటికి ఎంత వదులుండాలో
రూలు పుస్తకంలో ఉంది.
ఒళ్ళు ఎంతకి ఆగాలో లేదు.

నవంబరులో హిల్లా నడుము దగ్గర
ఒక కుట్టు లోపలికి వేశాను.
డిసెంబరులో రెండు.
"ఇంకా దూరం వెళ్తోంది, చూశావా" అన్నాడు కోచ్ వేసా.
చూశాను.

జనవరిలో టేపు చుట్టబోతే ఊపిరి బిగబట్టింది.
"వదులు" అన్నాను.
"వదిలితే పడిపోతాను" అంది,
నూటపది మీటర్లు గాల్లో తేలే పదహారేళ్ళ పిల్ల.

ఆ రాత్రే ఫోను పట్టుకున్నాను.
సమాఖ్య వాళ్ళు ఒక ఫారం పంపారు.
ఆసుపత్రి వాళ్ళు ఏప్రిల్లో రమ్మన్నారు.
ఒకాయన మాత్రం మెత్తగా అడిగాడు, "మీరు తల్లా?"
"కాదండీ, దర్జీని."
అక్కడితో మాట తెగింది.

వాళ్ళమ్మకి చెప్పడానికి మూడు కాఫీలు పట్టాయి.
ఆవిడ ఏడవలేదు,
గ్లవ్స్ తిరగేసి, మళ్ళీ తిరగేసి,
"నేనూ చూశాను" అంది.

ఆఖరికి దొరికింది బడి నర్సు మార్యుక్కా.
ఆమె గదిలో తూకం యంత్రం గోడకి తిప్పి ఉంటుంది.
గురువారాలు, మూడింటికి.
వాళ్ళమ్మది సాయంత్రం షిఫ్టు,
అందుకని బయట కార్లో నేనుంటాను.
మొదటి వారం పావుగంటకే వచ్చేసింది.
మొన్న నాకు కునుకు పట్టేదాకా రాలేదు.

ఈ చలికాలం హిల్లా దూకదు.
వేసా నాతో మాట్లాడటం లేదు.
సూటు నా బల్ల మీదే ఉంది.
కళ్ళజోడు పెట్టుకుని
నడుము కుట్లు ఒక్కొక్కటే విప్పుతున్నాను.
గుడ్డ మీద సూదిగుర్తులు మిగిలాయి.
తడిగుడ్డ వేసి, ఇస్త్రీ చేసి చూడాలి.